జెల్ కొవ్వొత్తిలో జీడిపిక్క

“మైనం వంట అయిందా?”

మా బావగారు మనోహర్ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విడుస్తూ అడిగే మాట ఇది. అడిగేది నా తోటికోడలు లావణ్యక్కని. అక్క నవ్వదు, కోప్పడదు, టీ గ్లాసు చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోతుంది. పలాసలోని ఈ ఇంటికి నేను రెండో కోడలిగా వచ్చి పద్నాలుగు నెలలైంది. ఆ ప్రశ్న రోజూ విన్నాను. అక్క జవాబు మాత్రం ఒక్కసారీ వినలేదు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా అక్క జెల్ కొవ్వొత్తులు చేస్తుంది. ఆ గంటన్నర ఆమెకి ఎవరూ ఇచ్చింది కాదు. తెల్లవారి నాలుగున్నరకి లేచి, అందరికీ టిఫిన్లు, రెండు క్యారేజీలు, కిడ్నీ జబ్బుతో ఉన్న మావయ్యగారికి విడిగా ఉప్పులేని కూర, అంట్లు, బట్టలు, అన్నీ ముగించుకుని మిగుల్చుకున్నది. నేను సాయం పట్టడం మొదలుపెట్టాక ఆమె పని తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. అత్తయ్యకి కొత్త పనులు గుర్తొచ్చాయి. అయినా అక్క ఆ గంటన్నరని మాత్రం వదల్లేదు.

మాది సముద్రం ఒడ్డున అక్కుపల్లి. పెళ్ళికి ముందు రెండేళ్ళు జీడిపప్పు బట్టీలో పనికి వెళ్ళాను. చేతి పని చూస్తే మనిషి తెలుస్తుందని అక్కడే నేర్చుకున్నాను. అందుకే పెరటి వసారాలో ఆమె పక్కన కూర్చుని ఊరికే చూసేదాన్ని. మా అమ్మ పంపిన గవ్వల్ని అక్క కడిగి రెండు రోజులు ఎండలో పెట్టేది. లోపల తడి చుక్క మిగిలినా బుడగ లేస్తుందట. గాజుగ్లాసుని వేడినీళ్ళలో పెట్టి, తుడిచి, అడుగున ఇసక పోసి, వత్తి నిలబెట్టేది. గాజులా మెరిసే జెల్‌ని చిన్న ముక్కలు కోసి సన్నని సెగ మీద కరిగించేది. గవ్వని ముందు ఆ కరిగిన జెల్‌లో ఒకసారి ముంచి, లోపలి గాలంతా పోయేదాకా ఆగి, అప్పుడు గ్లాసులో పెట్టేది. చివరికి గ్లాసుని కాస్త వంచి అంచు వెంట పోసేది. నూనెధార కన్నా సన్నగా, చెయ్యి కదలకుండా. ఆ కాసేపు నేను కూడా ఊపిరి గట్టిగా తీసేదాన్ని కాదు.

“బేగి పోత్తే అన్నీ బుడగలే,” అనేది. అంతకుమించి పాఠం చెప్పేది కాదు.

అత్తయ్య ఒకరోజు వచ్చి నిలబడి చూసింది. “ఏటే ఇది? కరెంటు పోతే ఎలిగిత్తావా?”

“ఎలిగించడానికి కాదత్తా. సూసుకోడానికి.”

అత్తయ్యకి అర్థమైందో లేదో గాని, ఆ పూట కొత్త పనేమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. అక్క చేసేది రోజుకి ఒకటి, మహా అయితే రెండు. అమ్మదు. మనసుకి నచ్చినవాళ్ళకి ఇస్తుంది, లేదా కిటికీలో పెట్టుకుంటుంది. ఇంత ఓపిక ఒక్క గ్లాసు మీద పెట్టగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయిన నెల బావగారి పై అధికారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. టీవీ పక్కనున్న గ్లాసు చూసి ఆగిపోయారు. అడుగున ఇసక, మూడు గవ్వలు, పైన లేత నీలం. సముద్రాన్ని గుప్పెట్లో పట్టినట్టుందన్నారు. వాళ్ళ పాప పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులుగా ఇవి దొరికితే బాగుణ్ణన్నారు. అక్క పెరుగు గిన్నెతో గుమ్మంలోనే ఉంది. బావగారు అటు చూడనైనా చూడకుండా, ఎన్ని కావాలని అడిగారు. పాతిక.

సారు వెళ్ళాక అక్కకి చెప్పారు. అడగలేదు, చెప్పారు. గవ్వలు ఎక్కడైనా ఉంటాయి, పలాస పేరు కనబడాలి కాబట్టి లోపల జీడిపిక్క పెట్టాలట. పిక్కని నిలువునా కోసి పెడితే తెల్లటి పప్పు కనబడి ఇంకా బాగుంటుందట.

“జీడి వద్దండి,” అంది అక్క. “పిక్క పైడొల్లలో జిడ్డుంటాది. ఈ జెల్లూ నూనే కదా, ఇందులోకి దిగిపోద్ది. ఎలిగిత్తే సిమ్ముతాది కూడా.”

“జీడి గురించి నాకు సెప్తావేటి? జీడితోటలో పుట్టినోణ్ణి.”

మా బట్టీలో పచ్చి పిక్క కోసేవాళ్ళు చేతులకి ఆముదం రాసుకోకుండా కత్తి ముట్టరు. ఆ జిడ్డు తగిలితే తోలు ఊడుతుంది. బావగారికి అది తెలియక కాదు. తన ఇంటి పంట తన మాట వింటుందని ధీమా. అక్క ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పలేదు.

శనివారం సెలవు పెట్టి ఆయనే వసారాలో కూర్చున్నారు. ఆడవాళ్ళ చేతికిస్తే రోజుకి రెండు చొప్పున సంక్రాంతికి అవుతాయన్నారు. బిర్యానీ గిన్నెడు జెల్ ఒకేసారి పొయ్యెక్కించారు. అక్క మెట్టు మీద కూర్చుంది. ఎంత వేడి, ఎంత ఆగాలి, ఆయన అడిగిన ప్రతిదానికీ సరైన జవాబే చెప్పింది. ఒక్కటీ దాచలేదు, ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. ఆమె స్థానంలో నేనుంటే కనీసం ముఖం తిప్పుకునేదాన్ని. మొగుడు పొయ్యి దగ్గర చెమటోడుస్తుంటే పెళ్ళాం కూర్చుని చూడడం మా ఇంట్లో అదే మొదలు.

సాయంత్రానికి పాతిక గ్లాసులూ బాగానే కనబడ్డాయి. బుడగలున్నా, లోపల పప్పు తెల్లగా మెరిసింది. ఫొటో తీసి సారుకి పంపారు.

ఆదివారం పొద్దున్నకి పాతికా కాఫీ డికాక్షన్ రంగులోకి తిరిగాయి. డొల్ల చుట్టూ నల్లటి తీగలు సాగి పప్పుని కప్పేశాయి. బావగారి వేళ్ళు పొక్కిపోయాయి. అత్తయ్య ఒక గ్లాసెత్తి వెలుతురులో పట్టుకుని, “పానకం బాగా కుదిరింది బాబూ,” అంది.

ఆయన నవ్వలేదు. పుట్టినరోజు బుధవారం, ఇంకా మూడు రోజులుంది, ఇంకో పెట్టె జెల్ తెప్పిస్తాను, గవ్వలతోనే చెయ్యమని అక్కకి చెప్పారు. అందరం అక్క వైపు చూశాం.

నాకు భయమేసింది. ఈ ఇంట్లో ఆడదానికి బాగా వచ్చిన పని ఏదైనా మర్నాటికి ఆమె వంతు అయిపోతుంది. నా చేతి వడియాలు బాగున్నాయని ఒక్కరు అన్నందుకు, వేసవంతా ముగ్గురు ఆడపడుచుల ఇళ్ళకీ వడియాలు పెట్టాను. ఇప్పుడు అక్క సరేనంటే బుధవారం తర్వాత ఇంకో సారు, ఇంకో పుట్టినరోజు. ఆ గంటన్నర ఇక ఆమెది కాదు.

“సెయ్యను,” అంది అక్క.

“పరువు పోద్దే.”

“మాట మీరిచ్చేరు. ఫోన్ సేసి మీరే సెప్పండి.”

గొంతు పెంచలేదు. పాతిక గ్లాసులూ ఆయన ముందే ఉంచి, కొంగు దులుపుకుని మావయ్యగారి కూర చూడడానికి వెళ్ళింది. అంత చిన్న మాటని అంత నిమ్మళంగా అనవచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

బావగారు ఫోను పట్టుకుని పెరట్లో తిరిగారు గాని, నంబరు నొక్కలేదు. మా ఆయన అజయ్‌ని పిలిచి ఏదో చెప్పారు. అజయ్ నేరుగా నా దగ్గరికి వచ్చారు. అక్క నా మాట వింటుందట. మెల్లగా నచ్చజెప్పి ఒప్పిస్తే, కావాలంటే ఆ పని మేమిద్దరం చెరిసగం చేసుకోవచ్చట. ఈ ఇంట్లో ఎవరేం చెప్పినా సరే అనడం నాకు అలవాటు. ఆయన ఆ సరే కోసమే నిలబడ్డారు.

“నేను సెప్పను,” అన్నాను.

“ఏటీ?”

మళ్ళీ అన్నాను, ఈసారి పెరట్లో బావగారికి కూడా వినబడేటట్టు.