పంచాయితీ ఖర్చు

మంగీలాల్ కొట్టిన రెండో దెబ్బ చాందీ వీపు మీద పడింది. ఆమె మేక పలుపు వదల్లేదు. ఆమె కుడిచెయ్యి మూడు రోజుల కిందట అతను రోకలితో విరగ్గొట్టాడు. అది గుడ్డతో మెడకు కట్టి ఉంది. ఎడమచేత్తోనే పలుపు గుంజుకుంటోంది.

నర్సింహులపేట దగ్గరి ఆ తండాలో పొద్దున్నే పంచాయితీ కూర్చుంది. చాందీ మిరపకాయలేరి రోజుకు మూడొందల చొప్పున తెచ్చుకున్న వారం కూలి తాగడానికి ఇవ్వలేదని మంగీలాల్ పెళ్లాం చెయ్యి విరగ్గొట్టాడు. తప్పు అతనిదేనని తండా పెద్ద వాల్యా తేల్చాడు. అంతవరకూ న్యాయం బాగానే ఉంది.

తప్పు తేలినవాడే పంచాయితీ ఖర్చు భరించాలి. పెద్దలందరికీ మేక కూర, మందు పెట్టాలి. మంగీలాల్‌కు ఒంటిమీది బట్టలు తప్ప సొంతమేమీ లేదు. మేక చాందీది, రెండేళ్ల కూలిలో మిగిల్చి కొన్నది. ఇప్పుడు సూడిది. ఈనితే పిల్లల్ని అమ్మి కూతురు శారదను ఇంటర్‌లో చేర్పించాలనుకుంది.

"తప్పు వానిదంటిరి గద బాపు. మరి నా మేకనెందుకు కోస్తరు?" అంది చాందీ.

"మొగడు పెండ్లాల సొమ్ము ఏరేరు ఉంటదా?" అన్నాడు వాల్యా.

"దెబ్బలు నేనొక్కదాన్నే తింటి గద."

మంగీలాల్ విరిగిన చేతి మీదే తన్నాడు. చాందీకి కళ్లు చీకట్లు కమ్మాయి. తేరుకునేసరికి మేకను కోసేశారు. కడుపులో దొరికిన రెండు కూనలను కుక్కలకు విసిరేశారు. దీన్నే వాళ్లు తీర్పు అన్నారు.

కూర ఉడికింది. తండా కట్టుబాటు ప్రకారం మొదటి ముక్క దెబ్బ తిన్నవాళ్లు తినాలి. తింటే తగువు తీరినట్టే, ఆ మాట మళ్లీ ఎత్తకూడదు, పోలీసు ఠాణాలో అసలే ఎత్తకూడదు. ఆమె తినేదాకా పెద్దలూ ముట్టరు.

వాల్యా మోదుగాకులో ముక్క పెట్టి చాచాడు. "తిను బిడ్డ. పొద్దటి సంది అందరం ఆకలితోని ఉన్నం."

చాందీ నోరు తెరవలేదు. మంగీలాల్ జుట్టు పట్టి ఆమె తల వెనక్కి వంచాడు, ముక్క నోట్లో కుక్కాడు. పెదవి చిట్లింది.

చాందీ ఆ ముక్కను నెత్తురుతో సహా అతని కాళ్ల మీద ఉమ్మింది.

"నేను తినలే," అంది అందరికీ వినబడేలా. "పంచాయితి తెగలే. ఠాణకు పోతున్న."

శారద వచ్చి తల్లికి భుజం ఇచ్చి లేపింది. మంగీలాల్ మళ్లీ చెయ్యెత్తాడు. పెద్దల ముందు ఆకుల్లో కూర చల్లారిపోతోంది. ఎవరూ ముట్టలేదు.