పండుగ ఎప్పుడో తెలియని ఊరు

మా అత్తగారితో కాపురమంటే క్యాలెండరుతో కాపురమే. గోడకి వేలాడే క్యాలెండరైతే ఓ మూల పడి ఉంటుంది. ఈవిడ వంటింట్లో నా వెనకాలే తిరుగుతూ, ఇవాళ ఏ సెయింటు రోజో, ఏది వండకూడదో చెబుతుంది.

కరెంటు, ఫోన్లు, వారానికోసారి వచ్చే బస్సు అన్నీ ఆగిపోయాక ఊళ్లో తారీఖు చెప్పే మనిషి కాసిమీరా అత్తయ్య ఒక్కతే మిగిలింది. ఎందుకు ఆగిపోయాయో ఎవరికీ తెలియదు. మా ఆయన ఫ్లోరెన్సియో యుద్ధమంటాడు. గనిలో పనిచేసి వచ్చిన పొరుగింటి మెలితోన్ సూర్యుడికే ఏదో అయిందంటాడు. ఆకాశం మాత్రం అప్పట్నుంచీ బూడిద రంగులోనే ఉంది. వానలూ చలీ వాటి ఇష్టమొచ్చినప్పుడు వస్తున్నాయి.

ఏడాది తిండికి మాకున్నవి గడ్డి కింద దాచిన బంగాళాదుంపలే. అవి నిలవుండాలంటే చూన్యో చేయాలి. గడ్డకట్టే రాత్రుల్లో పచ్చిక మీద పరచి, పొద్దున్నే కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టాలి. మధ్యలో వాన పడిందంటే అంతా కుళ్లిపోతుంది. అందుకే నడిచలికాలంలో వచ్చే సాన్ హువాన్ పండుగ దాటితే గానీ మావాళ్లు దుంప పరచరు.

ఆ వారం గడ్డి ఎత్తి చూస్తే దుంపలు మెత్తబడి మొలకలేస్తున్నాయి. బయట బకెట్లో నీళ్లు రాయైపోయాయి.

"అత్తయ్యా, ఇవాళే పరిచేద్దాం."

"సాన్ హువాన్‌కి ఇంకా నెలుందే. ఇది దొంగ చలి. రెండ్రాత్రులుండి వానను పిలుచుకొస్తుంది."

"నెలుందని ఎలా తెలుసు?"

"శిలువ పండుగ మొన్ననే కదా చేశాం!"

"మీరు చెయ్యమన్నారు గనక చేశాం."

"పోనీ కాలేజీ చదివినదానివి, నువ్వు చెప్పు. ఇవాళ తారీఖెంత?"

నేను చదివింది భూగోళశాస్త్రం. సూర్యుడి దక్షిణాయనం, ఉత్తరాయణం గురించి పరీక్షల్లో పేజీలు నింపాను. ఇప్పుడా సూర్యుడు ఎటు పొడుస్తున్నాడో కూడా కనిపించడం లేదు. 

అంతలో మెలితోన్ దోసిట్లో నల్లటి ముద్ద పట్టుకొచ్చాడు. "కాసిమీరక్కా, నా గుట్టలో సగం ఇలా అయిపోయింది. ఇంకా ఆగమంటావా?"

"ఆగు తమ్ముడూ."

అతను ఆగాడు. ఊరంతా ఆగింది. మా చిన్నది జెనైదా అప్పటికే పూటకో దుంపతో సరిపెట్టుకుంటోంది. ఉన్నవీ కుళ్లితే దానికి అదీ ఉండదు.

సాన్ హువాన్ ముందురోజు సాయంత్రం ప్రతి ఊరి కొండ మీదా మంట వేయడం మా ఆచారం. మంట కనిపిస్తే పండుగ వచ్చినట్టే. అందుకని ఓ రోజు చీకటి పడుతుంటే, గొర్రె తప్పిపోయిందని అత్తయ్యకి చెప్పి, మా లామాల పేడ పిడకలు మూటగట్టుకుని కొండెక్కాను.

పిడకలు పేర్చి చెకుముకి తీశానో లేదో, లోయకవతల వీల్కాపాత కొండ మీద మంట లేచింది.

నిలబడిపోయాను. నిజంగానే పండుగా? లేక అక్కడా నాలాంటి కోడలొకతె ఉందా? ఎంత ఆలోచించినా తేలలేదు. చేతిలో చెకుముకి ఉంది గనక నాదీ వెలిగించాను. కాసేపటికి దక్షిణాన ఒకటి, దాని వెనక మరొకటి వెలిగాయి. ఎవరు ఎవర్ని చూసి వెలిగించారో దేవుడికే తెలియాలి.

కిందకి దిగేసరికి ఊరంతా వీధిలో ఉంది.

"పండుగంటావా?"

"మంటలు కనబళ్లా?"

"మరి కాసిమీరక్క నెలుందందే!"

"నెల గడిచిపోయిందేమో, మనం చూసుకోలేదేమో!"

అత్తయ్య వాకిట్లో వేళ్లు మడుస్తూ గొణుక్కుంటోంది. "శిలువ పండుగైంది... మధ్యలో రావాల్సిన సాన్ ఆంటోనియో పండుగ ఎటు పోయింది?"

"అమ్మా, పరచమంటావా?" అన్నాడు ఫ్లోరెన్సియో.

ఆవిడ ముందు కొండలకేసి, తర్వాత నాకేసి చూసింది. "గొర్రె దొరికిందా?"

"దొరికింది."

"పొగ వాసనేస్తోంది నీ గొర్రె," అని కొడుకు వైపు తిరిగింది. "పరచండి."

చలి నిలిచింది. అది పండుగ చలో, దొంగ చలో నాకు తెలియదు గానీ వాన మాత్రం రాలేదు. తొక్కే రోజున ఊరంతా చెప్పులు విప్పి పచ్చిక మీదకి దిగింది. మా దుంపలు కాళ్ల కింద మంచునీళ్లు కక్కుతున్నాయి. మెలితోన్ పరచినవి మాత్రం ఓ దుప్పటి వెడల్పు లేవు. అతను వాటిని మెల్లగా తొక్కుతున్నాడు, త్వరగా అయిపోతుందేమోనన్నట్టు.

అత్తయ్య తొక్కడం ఆపి, వట్టి కాళ్లతోనే అతని దగ్గరికి నడిచింది.

"తమ్ముడూ, మా దాంట్లో సగం నీది."

"అదేంటక్కా? పండుగ రాకముందు నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

"పండుగ సంగతి నాకేం తెలుసు! నిరుడు జ్వరంతో పడుకున్నప్పుడే లెక్క తప్పింది. అప్పట్నుంచీ నోటికొచ్చిన తారీఖు చెబుతున్నాను." అందరికీ వినబడేలా గొంతు పెంచింది. "తెలియదని చెప్పకుండా మిమ్మల్నందర్నీ ఆపాను. తప్పు నాదే."