ఇంకొక్క అడుగు

"ఇంకొక్కసారి లేపండి టీచరుగారూ, అంతే," అంటూ స్వర్ణ బిగుసుకుపోయిన ఆ భుజం కింద అరచెయ్యి ఆనించి, చేతిని మెల్లగా పైకి నడిపించింది. లక్ష్మణమ్మ టీచరు పళ్ళు బిగబట్టి, గోడ మీది గీతను వేళ్ళతో అందుకుంది. నెల కిందట ఆ చెయ్యి జడ దాకా కూడా వెళ్ళేది కాదు.

బొబ్బిలిలో ఒక చిన్న ఆసుపత్రి వెనకగదిలో స్వర్ణ ఇరవై మూడేళ్ళుగా చేస్తున్న ఫిజియోథెరపీ పని ఇదే. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రోగుల బరువు మోసి మోసి బొటనవేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. పెళ్ళి మాట తల్లి ఉన్నన్నాళ్ళూ నడిచి, ఆమెతోనే ఆగిపోయింది. పక్షవాతం వచ్చిన ధనరాజ్ మాస్టారు ఆదివారం చర్చి మెట్లు తనంతట తాను ఎక్కి వచ్చిన రోజున, స్వర్ణ పాట మధ్యలోనే ఆపేసి, వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఆమె గురించి అంతకు మించి చెప్పుకోదగ్గదేమీ లేదు. "ఇంకొక్క అడుగు" అన్న మాట మీదే ఆమె బతుకు నడిచింది.

కుమారి దగ్గర ఆ మాటే బెడిసికొట్టింది.

కుమారికి ముప్పై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట విషజ్వరం వచ్చి తగ్గింది గాని, ఒంట్లోకి సత్తువ తిరిగి రాలేదు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. కదలక ఇలా అయిందనుకుని స్వర్ణ రోజుకు పది అడుగులు పెంచుతూ వీధి చివరి దాకా నడిపించింది. కుమారి నవ్వింది కూడా. మూడో రోజుకల్లా దువ్వెన ఎత్తలేకపోయింది. వెలుతురు పడితే కళ్ళు మూసుకునేది. విశాఖలో పెద్ద డాక్టరు చూసి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఎంత పడుకున్నా తీరని అలసట జబ్బు, అని పేరు రాశాడు. బలవంతంగా నడిపిస్తే ఇంకా దిగజారుతుందన్నాడు. స్వర్ణ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. ఏ పనైనా కూర్చుని చెయ్యి, అలుపు రాకముందే వదిలెయ్యి అని కిందటి వారం కుమారితో చెప్పి వచ్చింది గాని, నడిపించడం వచ్చిన చేతులతో ఆపడం ఎలాగో ఆమెకే అంతుపట్టలేదు.

మధ్యాహ్నం కుమారి ఇంటి ముందు ఆటో దిగేసరికి ఆమె అత్త సుభద్రమ్మ అరుగు మీద ఉంది.

"తప్పు నాదేనమ్మా," అంది స్వర్ణ నిలబడే. "నాను నడిపించబట్టే ఇలాగయింది. ఇంక నీల్లవీ మొయ్యమనకండి."

"మొన్న నడమన్నారు. ఇప్పుడు తొంగోమంతన్నారు. ఏ మాట నమ్మాల సిస్టరమ్మా? తొంగోమని సెప్పడానికి సదువుకున్నోళ్ళు కావాలేటి?"

సుభద్రమ్మ కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. స్వర్ణ చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

లోపల తలుపులు మూసిన గదిలో కుమారి కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది. స్వర్ణ పక్కన కూర్చుని, ఎంత పనికి ఎంత సేపు ఆగాలో మళ్ళీ చెప్పింది.

"మీరు నడిపించినప్పుడే బాగుండీది సిస్టరమ్మా," అంది కుమారి.

"అదేటమ్మా, అప్పుడే కదా పడిపోనావు?"

"అప్పుడు మా ఇంట్లోవోళ్ళు నాకు జబ్బే అనుకున్నారు. ఇప్పుడు బద్ధకమంతన్నారు."

స్వర్ణ ఆమె కళ్ళ మీది గుడ్డ తీసి, తడిపి మళ్ళీ వేసింది. తను మేలు చేసిందెప్పుడో, చెరుపు చేసిందెప్పుడో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఇంతలో బయట అద్దె కారు ఆగింది. శృంగవరపుకోట నుంచి కుమారి అన్న చినబాబు వచ్చాడు. కొన్నాళ్ళు కన్నవారింట ఉంచుకుంటామన్నాడు. సుభద్రమ్మ వద్దనలేదు. లారీ మీద వెళ్ళిన కుమారి భర్త ధర్మేంద్ర ఫోన్లో సరేనన్నాడట.

"మల్లీ ఎప్పుడొస్తాది?" అని అడిగింది స్వర్ణ.

"బాగైతే," అన్నాడు చినబాబు.

కుమారి గోడ పట్టుకుని లేచి నిలబడింది. గడప దాకా ఆరడుగులు. స్వర్ణ నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగేసి, "ఎత్తుకో బాబూ," అంది. అతను చెల్లెల్ని రెండు చేతులా ఎత్తుకుని, కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు.

కారు మలుపు తిరిగాక స్వర్ణ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. కత్తిపీట పక్కన పళ్ళెంలో దొండకాయలున్నాయి. పొద్దున కోడలే వాటి ముందు కూర్చుందని సుభద్రమ్మ చెప్పింది. అలుపు రాకముందే ఆగిందో, చేతకాక వదిలేసిందో అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. సగం కాయలు సన్నగా, ఒకే తీరున తరిగి ఉన్నాయి. మిగతా సగం తొడిమలతో అలాగే ఉన్నాయి.