పందులు పట్టే పదవికి ఎన్నిక

1846 మార్చి రెండు, సోమవారం. మాసచూసెట్స్ రాష్ట్రం, హార్లో ఊరి వార్షిక సభ. అధ్యక్షస్థానంలో జాబెజ్ వినల్; బల్ల దగ్గర గుమాస్తాగా నేను; ముందు వరుసలో తత్త్వవేత్త లెమ్యుయెల్ ట్రాస్క్; గ్యాలరీలో, ఓటు లేని ఆడవాళ్ళ నడుమ, వితంతువు మెహిటబెల్ కోల్.

గడిచిన ఏడాదిలో పెళ్ళయిన మగవాణ్ణి, వీధినపడ్డ పందులను పట్టే అధికారిగా ఎన్నుకుని నవ్వుకోవడం మా ఆచారం. పోయిన అక్టోబరులో ట్రాస్క్ గారికి పెళ్ళయింది. ఆయనేమో రెండు చలికాలాలుగా, ఎవరి తీర్పును వారే నమ్మాలనీ, పరుల వెంట నడిచేవాడు మనిషే కాడనీ మాకు ఉపన్యాసాలిస్తున్నారు.

"ఈ పదవి నాకొద్దు," అన్నారాయన లేచి. "నా అంతరాత్మ ఒప్పుకోవడం లేదు."

"మీ అంతరాత్మ సరేనయ్యా, పంది సంగతేంటి?" పైనుంచి అరిచింది మెహిటబెల్. "పొద్దున్నుంచీ నా నేలమాళిగలో దూరి విత్తనపు బంగాళాదుంపలు మేస్తోంది. అవి పోతే ఈ ఏడు నేను నాటేదేమిటి, తినేదేమిటి? అధికారి కానివాళ్ళు పట్టుకుంటే పందిగలవాడు దావా వేస్తాడాయె!"

వినల్ ఆయన బదులు మిల్లు యజమాని టఫ్ట్ పేరు చెప్పి, చేతులెత్తమన్నాడు. ఒకడు ఎత్తాడు. పక్కవాడు ఎత్తబోయి, అది అనుకరణ అవుతుందని దించుకున్నాడు. దించడమూ అనుకరణేనని మూడోవాడు ఎత్తాడు. అది చూసి మొదటివాడు దించేశాడు.

"ఏమిటర్రా ఈ వేషాలు?" అన్నాడు వినల్.

"నా తీర్పు నాది, జాబెజ్," అన్నాడు టఫ్ట్. "నువ్వు ఎత్తమన్నావు కాబట్టే ఎత్తను."

"ఆ పదవేదో నా మొహాన పడెయ్యండి, ఆ పందిని నేనే పట్టుకుంటాను!" అంది మెహిటబెల్.

"ఆడదానికి పదవా? ఎక్కడైనా ఉందటమ్మా?" అన్నాడు వినల్.

"ఎక్కడా లేదు కాబట్టే ఇవ్వాలి!" ట్రాస్క్ గారి కళ్ళు మెరిశాయి. "ఈ సభలో సొంతంగా ఆలోచించిన మనిషి ఆవిడ ఒక్కరే."

సభలోని చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ట్రాస్క్ గారి ముఖం పాలిపోయింది.

"నేనన్నాననా?"

"ఛఛ, ఎవరికి వాళ్ళమే అనుకున్నాం," అన్నారంతా ఏకకంఠంతో.

ఇందరు ఒప్పుకున్నదాన్ని తానూ ఒప్పుకోవడం సిద్ధాంతవిరుద్ధం గనుక, ఆయన తన ప్రతిపాదనకు తానే వ్యతిరేకంగా ఓటు వేశారు. వ్యతిరేక ఓటు అదొక్కటే.

"వేసుకోండి బాబూ." మెహిటబెల్ అప్పటికే మెట్లు దిగుతోంది. "గుమాస్తాగారూ, త్వరగా రాయండి, అక్కడ దుంపలు అయిపోతున్నాయి!"

నేను నియామకపత్రం రాశాను. వినల్ సంతకం చేశాడు. ప్రమాణం కింద ఆమె కూడా సంతకం చేసి, సిరా ఆరీ ఆరకముందే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గౌను జేబులో దోపుకుంది.