ఆదివారం నా డ్యూటీ కాదు

బస్సు డిపోలో డ్యూటీ చార్టు వేసేది నేనే. నిన్న రెండు డ్యూటీలు చేసినవాడికి ఇవాళ బండి తాళాలు ఇవ్వను. కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వను, పైనుంచి మేనేజరు ఫోన్ చేసినా ఇవ్వను. "బానే ఉన్నా మేడమ్, నిద్రేం రావట్లేదు" అంటాడు ఎర్రటి కళ్ళతో. రెస్టు రూములో మంచం చూపిస్తాను. డ్రైవర్లు చాటుగా నన్ను హెడ్మాస్టరమ్మ అంటారట. అనుకోనీ, నాకేం.

ఇంట్లో మాత్రం మూడేళ్ళుగా నాకు ఒక్క సెలవు లేదు. నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నేను డిపోలో ఉన్నప్పుడు పక్కింటావిడ కనిపెట్టుకుని ఉంటుంది, మిగతాదంతా నేనే. ఆయన ఏ కోర్టులోనూ పనిచేయలేదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఎదురింటి గోడ ఎత్తు దాకా అన్నింటికీ తీర్పు చెబుతారని వీధంతా జడ్జిగారంటుంది. నా విషయంలో ఆయన తీర్పు ఒక్కటే: "నువ్వు తప్ప నన్నెవరూ చూడలేరు." నాలుగు వీధుల అవతల ఉండే తమ్ముడు ఆదివారం పళ్ళు పట్టుకొచ్చి, అరగంట కూర్చుని, "అక్క ఉంది కాబట్టి సరిపోయింది" అని వెళ్తాడు. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతోంది.

మొన్న గురువారం పొద్దున నాన్నకు బీపీ మాత్ర వేశాను. బాక్సు కట్టుకుని, చెప్పులేసుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొకటి వేశాను. అది ఆయన మింగాక గానీ మొదటిది గుర్తు రాలేదు. ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచి, అరగంటకోసారి బీపీ చూసి, ప్రమాదం లేదని పంపించారు. నేను మాత్రం వరండాలో కూర్చుని కన్నతండ్రిని చంపబోయానని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. చెంపలు వాయించుకోవాలనిపించింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి, "మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. నిద్రకు తూలుతున్న డ్రైవరును నేను ఏనాడూ తిట్టలేదు. వాడితో డబుల్ డ్యూటీ చేయించిందెవరని పైవాళ్ళను నిలదీస్తాను. మరి నాతో చేయించిందెవరు? సగం తమ్ముడు, సగం నేనే.

శుక్రవారం సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించి, రెండు మాత్రలు వేసిన సంగతి చెప్పాను.

"ఎల్లుండి పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా నాన్న నీ డ్యూటీ. నేను ఇంట్లో ఉండను."

"నాకు చేతకాదక్కా. ఇలాంటివి ఆడవాళ్ళయితేనే..."

"గడ్డం గియ్యడానికి కూడా ఆడవాళ్ళే కావాలా? రేపు రా, అన్నీ నేర్పిస్తాను."

"వీడు నన్ను పడేస్తాడు" అన్నారు నాన్న మంచం మీంచి. నేను లొంగకపోయేసరికి ఆఖరి అస్త్రం తీశారు. "మీ అమ్మే ఉంటే ఇలా వదిలేసి వెళ్ళేది కాదు."

"వెళ్ళేది కాదు నాన్నా. అమ్మని మనం ఒక్కరోజు కూడా వెళ్ళనివ్వలేదు."

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

శనివారం తమ్ముడికి నాన్నను ఎలా లేపి కూర్చోబెట్టాలో చూపించాను. మాత్రలు పూటపూటకీ పొట్లాలు కట్టాను. "పడిపోయినా, మాట తడబడినా డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. మిగతావి నువ్వే చూసుకో" అన్నాను.

ఆదివారం కండక్టరమ్మ ఒకావిడ డ్యూటీకి వెళ్తూ తన గది తాళం నాకిచ్చింది. పడుకున్నాను. ఫోన్‌లో మెసేజీ వచ్చింది: టవలు ఎక్కడ? తర్వాత ఇంకోటి: నాన్న అలిగారు, తినట్లేదు. ప్రాణం ఉసూరుమంది. లేచి చెప్పులేసుకుని తలుపు దాకా వెళ్ళాను కూడా. ఆకలేస్తే ఆయనే తింటారనుకుని, చెప్పులు విడిచి మళ్ళీ పడుకున్నాను. ఐదింటి దాకా ఒళ్ళు తెలియలేదు.

ఏడింటికి ఇంటికి వెళ్ళేసరికి నాన్న చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టి ఉన్నాయి. గడ్డం మీద రెండు చోట్ల దూది అంటించి ఉంది. తమ్ముడు నడుం పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"వీడికి స్పూను పట్టుకోవడం కూడా రాదు" అని తీర్పు చెప్పారు నాన్న. గొంతులో కోపం ఉంది, కడుపు మాత్రం నిండే ఉంది.

తమ్ముడు నావంక చూశాడు. "మూడేళ్ళు ఎలా చెయ్యగలిగావక్కా?"

"చెయ్యలేకపోయాను" అన్నాను. "గురువారం సంగతి విన్నావుగా."

వాడు లేచి, నడుం సవరించుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"వచ్చే ఆదివారం కూడా ఏడింటికేనా?"

"ఆరున్నరకి రా. నాన్న లేచేది అప్పుడే."