మూత మీద ఇటుక

ఏడు రోజులు మూత తీయొద్దన్నారు నాకు తేనెటీగల పెంపకం నేర్పే మాస్టారు. అదే నాకు చేతకానిది. పొయ్యి మీద గిన్నె అయినా, పక్కింటివాళ్లకొచ్చిన పార్సిలైనా, లోపలేముందో చూసేదాకా నా చేతులు ఊరుకోవు.

మేడ మీది మా తేనెటీగల పెట్టెలో మొదటి రాణి పోయింది అందుకే. కొత్త రాణిని చిన్న పంజరంలో ఉంచి, ఆ పంజరం ద్వారానికి పంచదార ముద్ద అడ్డుపెడతారు. ఈగలు ఆ ముద్దను తిని దారి చేసేలోపు రాణి వాసనకు అలవాటుపడతాయి. ఆమె బయటికొచ్చిన రోజే నేను మూత తీసి పలకరించాను. బెదిరిన ఈగలు కోపమంతా ఆమె మీద చూపించి, చుట్టుముట్టి చంపేశాయి.

"ఈ కాలానికి ఇదే ఆఖరి రాణి. ఇదీ పోతే పెట్టె ఖాళీ చేసుకోవడమే," అని రెండోదాన్ని పెట్టి వెళ్లారు మాస్టారు.

మూత మీద ఇటుక పెట్టి, దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాను. నా మీద నాకున్న నమ్మకం అంత.

మొదటిరోజు ఆరిన బట్టల్నే మళ్లీ ఆరేశాను. రెండోరోజు వంటింటి డబ్బాలు ఎత్తు ప్రకారం సర్ది, మధ్యాహ్నానికి రంగుల ప్రకారం మార్చాను.

"ఉప్పు ఇప్పుడు ఏ రంగులో ఉంది?" అన్నారు మా ఆయన, చప్పిడి కూర ముందు కూర్చుని.

మూడోరోజు ఫోన్ చేశాను. "మాస్టారూ..."

"వద్దమ్మా."

"నేనింకా అడగనే లేదండీ!"

"అడుగుతారుగా. పెట్టె గుమ్మం దగ్గర చూడండి, చాలు. కాళ్లకి పుప్పొడి ముద్దలు అంటించుకొస్తున్నాయంటే లోపల బాగున్నట్టే. ఎదురుగా కూర్చోకండి, వాటి దారికడ్డం. పక్కన కూర్చోండి."

పక్కనే కూర్చున్నాను. పొద్దుట్నించీ లెక్కపెడితే పుప్పొడితో వచ్చినవి పదకొండు. అది ఎక్కువో తక్కువో తెలియక మరీ కుదురు లేకపోయింది.

ఐదోరోజు చూస్తే ఇటుక గీత దాటి బొటనవేలంత జరిగి ఉంది. కిందకి పరుగెత్తాను.

"నాకు కుట్టించుకునే సరదా లేదు తల్లీ," అన్నారు మా ఆయన.

మా అత్తయ్య మాత్రం ఎడమ చెంపకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "పంటి నొప్పి," అన్నారు నేనడక్కముందే.

కొంగు తొలగించాను. చెంప బూరెలా పొంగింది.

"ఊపిరాడుతుందో లేదోనని కాస్త సందు చేశానమ్మాయ్! నువ్వు రోజంతా దాని పక్కన అలా కూర్చుంటే నాకు మాత్రం మనసాగుతుందా?"

ఆ తర్వాతి రెండు రోజులు ఇద్దరం కలిసే గుమ్మం దగ్గర కాపలా కాశాం, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక.

ఏడోరోజు మాస్టారు వచ్చారు. "ఎవరూ తీయలేదుగా?" అంటూ అత్తయ్య చెంప వంక చూశారు.

"పంటి నొప్పండీ," అన్నాను నేను.

ఆయన మెల్లగా పొగ కొట్టి మూత తీశారు. పంజరం ఖాళీ. తేనెపట్టు చట్రం ఒకటి పైకెత్తి ఎండకి పట్టారు. గది గదికీ అడుగున తెల్లటి దారపు ముక్కలా ఒక్కో గుడ్డు. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"రాణి కుదురుకుంది," అన్నారు మాస్టారు. "ఇంకో పదిరోజులు ముట్టుకోకండి."

ఇటుక నేను పెట్టాను. గీత ఈసారి అత్తయ్య గీశారు, కాస్త వెడల్పుగా.