పదిహేను అంగుళాల చోటు

జూన్ పన్నెండు, గురువారం, ఉదయం పదిన్నర. భీమవరంలో కొత్త బట్టల షాపు తెరిచిన గంటకు యజమాని పుల్లంరాజు గల్లా వెనక కుర్చీ వేయించబోయాడు. కుర్చీ పట్టలేదు. స్టూలు తెప్పించాడు. స్టూలు పట్టింది, మోకాళ్లు పట్టలేదు.

నేను ఒక ట్రేసింగ్ కాగితాన్ని. ఆ షాపు కింది అంతస్తు ప్లాను నా మీదే ఉంది. గీసింది అనంతలక్ష్మి.

తొమ్మిదేళ్ల కిందట ఆమె పుల్లంరాజు పాత షాపులో చీరలు చూపించేది. అక్కడ అమ్మేవాళ్లు కూర్చోకూడదు. ఒకరోజు జ్వరం వచ్చి బట్టల మూట మీద కూర్చుంది. సాయంత్రం దాకా ఆమెను గుమ్మం దగ్గర నిలబెట్టాడు. మర్నాడు ఆమె పని మానేసి, ఆ ఏడే పాలిటెక్నిక్‌లో చేరింది. చదువయ్యాక ప్లాన్లు గీసే ఆఫీసులో కుదిరింది; పుల్లంరాజు కొత్త షాపు పని ఆమె బల్ల మీదికే వచ్చింది. నన్ను బల్లకు అంటిస్తూ ఇదంతా పక్క బల్ల పద్మజకు చెప్పింది. మనుషులు కాగితం ముందు ఏమైనా మాట్లాడతారు.

"మరిప్పుడేం చేత్తావే?"

"ఏం చేత్తాను, ప్లాను గీత్తాను."

గల్లా నైరుతిలోనే ఉండాలని, దక్షిణం వైపు బరువుండాలని పుల్లంరాజు తెచ్చిన సిద్ధాంతి చెప్పాడు. అనంతలక్ష్మి తలూపింది. బరువు కోసం దక్షిణపు గోడ పొడవునా, అమ్మేవాళ్లు నిలబడే చోట, రాతి అరుగు గీసింది. నైరుతిలో గల్లాకు రాతి బల్ల గీసి, దాని వెనక పై మూడంతస్తులు మోసే స్తంభం పెట్టింది. రెంటికీ మధ్య పదిహేను అంగుళాలు వదిలి, ఆ అంకె రాసింది. దాచలేదు.

సంతకానికి వచ్చిన రోజు పుల్లంరాజు వేలు ఆ అంకె మీదే ఆగింది. అనంతలక్ష్మి పెన్సిలూ ఆగింది. అతను అది చదివితే ఆమె తొమ్మిదేళ్లు రబ్బరు కింద పోతాయి.

"గల్లా నైరుతేగా?"

"నైరుతేనండి."

"నిన్నెక్కడో చూసినట్టుందమ్మాయ్."

"చూసే ఉంటారండి. ఊరు చిన్నదేగా."

సంతకం పెట్టాడు.

ఆ గురువారం పదకొండింటికి నన్ను తెమ్మని కబురొచ్చింది. అనంతలక్ష్మి నన్ను గల్లా మీద పరిచింది. పుల్లంరాజు అంకె చదివాడు. కింద తన సంతకం చూశాడు.

"స్తంభం కొట్టేత్తే?"

"పై మూడంతస్తులూ కిందికొత్తాయండి."

సిద్ధాంతికి ఫోన్ చేశాడు. గల్లా కదిపితే లక్ష్మి నిలవదని చెప్పి ఆయన పెట్టేశాడు. గల్లాలో మరొకరిని నిలబెట్టేంత నమ్మకం పుల్లంరాజుకు ఎవరి మీదా లేదు. అనంతలక్ష్మి వంక చూశాడు.

"నువ్వు మన పాత షాపులో చేసేదానివి కదూ?"

"అవునండి. గుమ్మం దగ్గర."

ఆమె నన్ను అక్కడే వదిలి, కొనేవాళ్ల కోసం వేసిన కుర్చీలో కూర్చుంది. ధర్మవరం చీరలు చూపించమంది. చూపించే పిల్ల అరుగు మీద కూర్చుని ఒకటి విప్పింది.

"లేచి చూపించవే," అన్నాడు పుల్లంరాజు.

"దక్షిణం బరువుండాలన్నారు కదండీ," అంది అనంతలక్ష్మి. "కూర్చోనివ్వండి."

నాలుగింటికి ముప్పయ్యారో చీర విప్పారు. అనంతలక్ష్మి ఇంకా ఎంచుకోలేదు. పుల్లంరాజు నిలబడే ఉన్నాడు.